హెడర్‌లో పేరు రాదు, పేజీ కదలదు: లారావెల్‌లో అన్ని వ్యూలకూ ఒకే డేటా ఇవ్వడం

గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ వ్యాపారికి లారావెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌లో సైట్ చేస్తున్నాను. తేజ, బాడిగ, 334 లాంటి రకాల ఆనాటి ధరలు, లాగిన్ అయిన రైతు పేరు ప్రతి పేజీ పైనా కనపడాలి. పేజీకి డేటా పంపే కంట్రోలర్ కంట్రోలర్‌కీ అదే కోడ్ రాయడమెందుకని, యాప్ మొదలవగానే నడిచే యాప్ సర్వీస్ ప్రొవైడర్ బూట్ మెథడ్‌లో వ్యూ షేర్ (అన్ని వ్యూలకీ, అంటే పేజీ టెంప్లేట్లకీ, ఒకే డేటా ఇచ్చేది) పెట్టేశాను. తిప్పలు అక్కడే మొదలయ్యాయి.

ధరలు వస్తున్నాయి, పేరు రావట్లేదు

లాగిన్ బాగానే అవుతుంది, హెడర్‌లో మాత్రం "లాగిన్ అవ్వండి" అనే ఉంటుంది. బూట్ నడిచేది సెషన్ మిడిల్‌వేర్ (లాగిన్ వివరాలుండే సెషన్‌ని తెరిచే కోడ్) కన్నా ముందు. అప్పటికి వచ్చిందెవరో లారావెల్‌కే తెలియదు, అందుకే యూజర్ నల్ (ఖాళీ). టిక్కీలు (మిర్చి బస్తాలు) లారీ దిగకముందే కాటా చీటీ అడిగితే ఎవరిస్తారు? షేర్ తీసేసి వ్యూ కంపోజర్ (చెప్పిన వ్యూకి డేటా అందించే కోడ్) పెట్టండి. అది వ్యూ రెండర్ అయ్యేటప్పుడు నడుస్తుంది, అప్పటికి సెషన్ ఉంటుంది. (పేరొక్కటే కావాలంటే కంపోజర్ కూడా అక్కర్లేదు, లారావెల్ టెంప్లేట్ ఫైల్ అయిన బ్లేడ్‌లోనే, లాగిన్ సంగతి చూసే ఆథ్‌ని అడగొచ్చు.)

కొత్త సర్వర్‌లో మైగ్రేట్ ఆగిపోతోంది

డేటాబేస్ టేబుళ్లు తయారుచేసే మైగ్రేట్ కమాండ్ కొడితే, ధరల టేబుల్ లేదని ఎర్రర్. ఇలాంటి ఆర్టిసాన్ కమాండ్ (లారావెల్ టెర్మినల్ కమాండ్) కొట్టినా బూట్ నడుస్తుంది కాబట్టి, టేబుల్ పుట్టకముందే మన క్వెరీ దాన్ని వెతుకుతోంది. దీనికీ మందు కంపోజరే.

పేరొచ్చింది, పేజీ నత్తనడక

రెండు రాత్రుల నిద్ర పోయింది దీనితోనే. డీబగ్‌బార్ (పేజీలో నడిచిన క్వెరీలు చూపే టూల్) తెరిస్తే అదే ధరల క్వెరీ 14 సార్లు! కంపోజర్‌కి వ్యూ పేరు బదులు నక్షత్రం గుర్తు (*) ఇచ్చాను, అంటే ప్రతి వ్యూకీ అది నడుస్తుంది. లారావెల్ లెక్కలో పేజీ ఒక వ్యూ, లేఅవుట్ ఒకటి, హెడర్, ఫుటర్ చెరొకటి, లూప్‌లో ఇన్‌క్లూడ్ చేసిన 10 రకాల కార్డులు ఇంకో 10. నక్షత్రం తీసి హెడర్ ఫైల్ పేరొక్కటే ఇస్తే క్వెరీ ఒక్కటయింది. రెండు మూడు చోట్ల కావాలంటే ధరల్ని కొన్ని నిమిషాలు కాష్‌లో (తాత్కాలిక నిల్వలో) ఉంచండి. రైతు పేరు మాత్రం అందులో పెట్టొద్దు. అందరికీ ఒకే కీ అయితే ఒకరి పేరు మరొకరికి కనపడుతుంది, ఆ తర్వాత ఫోన్లు తట్టుకోలేరు.

పాత ధరల పేజీలో ఈరోజు ధరలు

ఇదీ నక్షత్రం పుణ్యమే. కంట్రోలర్ పోయిన వారం ధరలు పంపినా, కంపోజర్ తర్వాత వచ్చి అదే పేరున్న వేరియబుల్ మీద రాసేస్తుంది. వ్యూ షేర్‌తో అయితే కంట్రోలర్ మాటే నెగ్గేది. నేనిప్పుడు కంపోజర్ ఇచ్చే ప్రతి వేరియబుల్ పేరుకీ ముందు 'హెడర్' అని తగిలిస్తున్నాను.