చెకుముకి తుపాకీకి నూనె పట్టించే ముందు

పోయిన ఆదివారం తెల్లవారుజామున, అమెరికాలో పెన్సిల్వేనియాలోని మా పేటలో ఒక గ్యారేజీ తగలబడింది. ఆ ఇంటాయన మన తెలుగువాడే. మూడేళ్ళుగా శని ఆదివారాలు కూర్చుని, చారల మేపుల్ చెక్కతో లాంకాస్టర్ పొడుగు తుపాకీ చేసుకుంటున్నాడు. 18వ శతాబ్దంలో ఇక్కడి జర్మన్ పనివాళ్ళు చేసిన పద్ధతిలోనే. రాత్రి మూడో పూత అవిసె నూనె రుద్ది, గుడ్డను ముద్ద చేసి ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేసి పడుకున్నాడు. నాలుగింటికి పొగ అలారం మోగింది. పైన నిద్రపోతున్న పిల్లల్ని ఎత్తుకుని బయటపడ్డారు. తుపాకీ బూడిదయింది.

పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే ఫ్లింట్‌లాక్ (చెకుముకి తుపాకీ) జింకల వేట 1974 నుంచీ ఉంది. దానికల్లా పని ముగించాలని నవంబరు, డిసెంబరుల్లో అందరికీ తొందరే. చలికి తలుపులు బిగించి, హీటరు పెట్టుకుని అర్ధరాత్రి దాకా రుద్దుతారు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. (ఇండియాలో ఉన్నవాళ్ళు ఈ పని తలపెట్టకండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ చేయడం నేరం. ఇక్కడ కూడా మీ రాష్ట్రం చట్టం చూసుకున్నాకే మొదలుపెట్టండి.)

ఉలి పదునుగా ఉంచుకోండి, కళ్ళద్దాలు పెట్టుకోండి అని నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే. నూనె గుడ్డను ముద్ద చేసి పడేయకండి.

అవిసె నూనె నీళ్ళలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. చెక్క మీద పలచగా ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. ముద్దచేసిన గుడ్డ మడతల్లోంచి పోదు. వేడెక్కేకొద్దీ నూనె ఇంకా త్వరగా గట్టిపడుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. కొన్ని గంటల్లో అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది. షాపులో ‘బాయిల్డ్’ అని అమ్మే నూనెలో తొందరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు. అది మరీ చురుకు.

మొదటి తుపాకీ చేసినప్పుడు నేనూ గుడ్డను బల్ల మీద ఉండలా వదిలేసి భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చి పట్టుకుంటే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వేడిగా ఉంది, మాడు వాసన. విప్పి చూస్తే మధ్యలో రూపాయి బిళ్ళంత గోధుమరంగు మచ్చ. ఇంకో గంట ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా 1991 ఫిబ్రవరి 23 రాత్రి ఇలాగే అంటుకుంది. 22వ అంతస్తులో చెక్క పలకలకు మెరుగు పెట్టిన పనివాళ్ళు వదిలేసిన అవిసె నూనె గుడ్డలే కారణం. సుమారు 19 గంటలు కాలింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. మన ఊళ్ళో టేకు తలుపులకు ఇదే నూనె పట్టించి, గుడ్డను రంపపు పొట్టులోకి విసిరేసే వడ్రంగులకు కూడా ఈ మాట చెప్పండి.

పని అవగానే గుడ్డను పూర్తిగా విప్పి, ఒకే పొరగా, ఇంటికి దూరంగా బయట తీగ మీద ఆరేయండి. ఒకదాని మీద ఒకటి వేయొద్దు. అట్టలా బిరుసెక్కాకే చెత్తలోకి. వానో మంచో పడుతుంటే నీళ్ళు నింపిన ఇనుప డబ్బాలో ముంచి, మూత పెట్టి, బయట ఉంచండి. పేపరు టవల్, ఉక్కు పీచు, నూనె తడిసిన పొట్టు, వీటన్నిటినీ గుడ్డ లాగే చూడండి.

ఇక చెక్కకు రంగు. నైట్రిక్ ఆమ్లంలో ఇనుము కరిగించి చేసే రంగు ద్రావణాన్ని ఇంట్లో కలపకండి, సిద్ధంగా ఉన్నది కొనండి. కలిపేటప్పుడు లేచే ఎర్రటి పొగ పీలిస్తే అప్పటికేమీ అనిపించకపోవచ్చు. గంటల తర్వాత ఊపిరాడదు. పూసి వేడిచేసే పని బయటే చేయండి, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి. తర్వాత వంటసోడా నీళ్ళతో కడగండి.

మిగతావి వరసగా చెబుతాను, ఒక్కటీ వదలకండి.

గొట్టం కొనండి, నీళ్ళ పైపుతో చేయకండి.
గొట్టం వెనక చివరను మూసే బ్రీచ్ ప్లగ్ మరలు వదులుగా ఉంటే పేల్చకండి.
నల్ల తుపాకిమందు తప్ప మరేదీ వద్దు. పొగరాని మందు చిటికెడు కూడా వద్దు.
తుపాకిమందు నిలవ ఉంచే కొమ్ములోంచి మందును నేరుగా గొట్టంలో పోయకండి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే కొమ్ము చేతిలోనే పేలుతుంది.
గుండు మందును తాకేదాకా దిగాలి. మధ్యలో ఆగితే గొట్టం ఉబ్బుతుంది, పగులుతుంది. గుండును లోపలికి దింపే కడ్డీ (ర్యామ్‌రాడ్) మీద రెండు గీతలు పెట్టుకోండి, ఖాళీకి ఒకటి, నిండుకు ఒకటి.
ఎవరి పాత తుపాకీ చేతికొచ్చినా ముందు రాడ్ దింపి కొలవండి. వందేళ్ళ నాటి మందైనా పేలుతుంది.
గొట్టం పక్కన నిప్పు చిమ్మే రంధ్రం వైపు ఎవరినీ నిలబెట్టకండి.
పేలకపోతే గొట్టం గురి వైపే ఉంచి ఒక నిమిషం పూర్తిగా ఆగండి. తొంగి చూడకండి.
సీసం పట్టిన చేత్తో అన్నం ముట్టకండి.
తుపాకిమందూ నూనె గుడ్డా ఒకే గదిలో ఉండకూడదు.
ఇవాళ నూనె పట్టించి ఉంటే, పడుకోబోయే ముందు లేచి వెళ్ళి ఆ గుడ్డ ఎక్కడుందో చూసి రండి.