వంగాకు తిప్పి చూశాకే మందు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బస్సెక్కి టిక్కెట్టు తీసుకునేలోపు పాతపట్నం వచ్చేస్తుంది, అంటే ఆంధ్ర. సంతలో 'బైగొణొ' అన్నా వంకాయన్నా తూచి ఇస్తారు, పుచ్చు మాత్రం ఏ భాషలో అడిగినా ఉంటుంది. అందుకే ఇంటి వెనక రెండు సెంట్ల పెరట్లో వంగ, బెండ, బీర, ఆనప, బొబ్బర నేనే వేసుకుంటాను. మందు డబ్బా ఇంట్లోకి రానివ్వలేదు. అలాగని పురుగు రాలేదని కాదు.

పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లోకి వెళ్లి, ఆకుల్ని అడుగువైపు తిప్పి చూడడం నా మొదటి పని. ఏ పురుగు తింటోందో తెలియకుండా ఏది చల్లినా దండగే. ఈ సంగతి నాకు అక్షింతల పురుగు నేర్పింది.

మన వాళ్లు రెండు పురుగుల్నీ అక్షింతల పురుగనే అంటారు. ఒకటి వంగాకు తింటుంది, రెండోది పేనుబంకను, అంటే మొక్క రసం పీల్చే సన్న పురుగుల్ని తింటుంది. నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం వీపు మీద చుక్కలున్న ప్రతిదాన్నీ ఏరి సబ్బు నీళ్లలో వేశాను. పది రోజులు తిరిగేసరికి బొబ్బర తీగల చివర్లన్నీ పేనుబంకతో నల్లగా ముద్దగట్టాయి. దాన్ని తినే పురుగుల్ని నా చేత్తోనే చంపుకున్నానన్నమాట.

తేడా ఇలా పట్టుకోండి. ఆకు తినేదాని వీపు మీద సన్నని నూగు ఉంటుంది. అందుకే మెరవదు, పాత ఇటుక రంగులో మసకగా కనిపిస్తుంది. వీపు మీద చుక్కలు 28 దాకా ఉంటాయి. మేలు చేసేది గాజుపూసలా నున్నగా మెరుస్తుంది. పిల్ల పురుగుల్లో తేడా ఇంకా సులువు: ఒంటి నిండా ముళ్లతో పసుప్పచ్చగా ఉండి కదలకుండా ఆకు మీది పచ్చదనాన్ని గీకుతుంటే అది శత్రువు. నల్లగా, పొడుగ్గా, బుల్లి మొసలిలా పరుగెత్తుతుంటే దాని జోలికి పోకండి. గుడ్లు మాత్రం రెండింటివీ పసుపే. ఆ ఆకు జల్లెడలా తయారై ఉంటే గుడ్లతో సహా తుంచేయండి. పక్కన పేనుబంక ఉంటే వదిలేయండి.

పేనుబంక మరీ ఎక్కువైతే, తెల్లారి మంచు తడి ఆరకముందే కట్టెల పొయ్యి బూడిద జల్లించి చల్లుతాను. తడికి అంటుకుంటుంది. ఎండెక్కాక చల్లితే గాలికి మన కళ్లలోనే పడుతుంది.

ఇక వేపగింజల కషాయం. పెరటి వైద్యంలో దీన్ని మించింది నేను చూడలేదు. ఎండల చివర వేపపళ్లు రాలుతాయి. ఏరి, గుజ్జు కడిగి, నీడలోనే ఆరబెట్టి గోనెసంచిలో దాచాలి. ప్లాస్టిక్ కవర్లో కడితే బూజు పడుతుంది. ఏడాది దాటిన గింజలో పస ఉండదు. లీటరు నీళ్లకు 50 గ్రాముల పప్పు, అంటే పెంకు తీసింది. కచ్చాపచ్చాగా దంచి, పాత పంచె ముక్కలో మూటగట్టి రాత్రంతా నీళ్లలో నానేయండి. మర్నాడు ఆ మూటను నీళ్లలోనే పిసుకుతూ పోతే తెల్లగా పాలలాంటి రసం దిగుతుంది. తెలుపు ఆగేదాకా పిసకాలి. తొందరపడి వదిలేస్తే సగం మందు మూటలోనే ఉండిపోతుంది. వడగట్టి, ఆకుకు పట్టడానికి కాస్త కుంకుడు రసం కలపండి. బట్టల సబ్బుపొడి వద్దు, ఆకులు మాడతాయి. (దంచడానికి వంటింటి రోలూ వద్దు. మా అత్తగారు మూడు రోజులు చేదు పచ్చడి తిని, నాలుగో రోజు నాకు వేరే రోలు కొనిపెట్టారు.)

కొట్టడం సాయంత్రమే. ఎండకు దాని గుణం పోతుంది. అదీ ఆకుల అడుగున కొట్టాలి. కలిపిన రోజే వాడేయాలి. మర్నాడు పురుగు బతికే కనిపిస్తుంది, కంగారు పడకండి. అది వెంటనే చంపే మందు కాదు. పురుగు తినడం మానేస్తుంది, కుబుసం విడవలేక ఎదుగుదల ఆగిపోతుంది. వారం, పది రోజులకోసారి కొట్టండి. వాన పడితే మళ్లీ కొట్టాల్సిందే. శ్రావణంలో మహేంద్రగిరి వైపు మబ్బు నల్లబడితే నేనసలు గింజలు నానబెట్టను.

పక్కింటి ఒడియా మావుసీ దగ్గర నేర్చుకున్నది హాండీ ఖత, అంటే కుండలో పులియబెట్టే కషాయం. కొత్త కుండలో కిలో ఆవు పేడ, రెండు లీటర్ల పంచితం (ఆవు మూత్రం), గుప్పెడు బెల్లం, వేప, కానుగ, జిల్లేడు ఆకులు నలిపి వేసి, మూతికి గుడ్డ కట్టి నీడలో పదిహేను రోజులు ఉంచుతుంది. కానుగను ఆవిడ కరంజ అంటుంది, జిల్లేడును అరఖ అంటుంది. వడగట్టి లీటరుకు పది లీటర్ల నీళ్లు కలుపుతాను. కంపు భరించలేం, చుట్టాలొచ్చే రోజు కుండ తెరవకండి. తోటకూర, పాలకూరల మీద మాత్రం చల్లను.

వంకాయ పుచ్చుకు ఏ కషాయమూ పని చేయదు. కాయలోకి దూరిన పురుగుకు మందు తగిలేదెలా? అది ముందు లేత మొవ్వులో దూరుతుంది. మొక్కంతా బాగుండి, ఒక్క చివర మాత్రం తల వేలేసిందంటే అదే గుర్తు. రెండంగుళాలు కిందికి కత్తిరించి, చీల్చి చూడండి, గులాబీ రంగు పురుగు కనిపిస్తుంది. ఆ ముక్కల్ని గెత్తం కుప్పలో పడేయకుండా కాల్చేయండి. పుచ్చుకాయలూ అంతే. వాటిని మొక్కనే వదిలేస్తే లోపలి పురుగులు మళ్లీ రెక్కలొచ్చి వస్తాయి. రోజు విడిచి రోజు ఈ పని చేసిన ఏడాది బుట్టలో పుచ్చు బాగా తగ్గింది. బద్ధకించిన ఏడాది సగం కాయలు పారబోశాను.

బెండకు తెల్లదోమ కోసం పసుపు రంగు వేసిన డబ్బా రేకుకు ఆముదం రాసి కట్టండి. ఈనెలు పసుపెక్కిన మొక్క మాత్రం బాగుపడదు, పీకేయండి.

బీర, కాకరలకు కాయ ఈగ వస్తుంది. దానికి ఎర బుట్ట కొనేటప్పుడు క్యూ ల్యూర్ (ఈ ఈగను రప్పించే వాసన బిళ్ల) అని అడగండి. ఒక కొట్లో నాకు మిథైల్ యూజినాల్ బిళ్ల అంటగట్టారు. అది మామిడి ఈగకి. నెలంతా వేలాడింది, బుట్ట నిండా మామిడి ఈగలే పడ్డాయి, నా బీరకాయలు మాత్రం వంకర్లు పోయి కుళ్లాయి. ఇప్పుడైతే పిందె వేలంత ఉండగానే పాత పేపరు సంచీ తొడిగేస్తున్నాను.

పొగాకు కషాయం చాలామంది చెబుతారు. అది మనుషులకూ విషమే. పైగా పొగాకు ముట్టిన చేతుల నుంచి టమాటా, మిరపలకు వైరస్ తెగులు అంటుకుంటుంది. మా ఇంట్లో చుట్ట కాల్చే మామగారు టమాటా మడిలోకి రావాలంటే ముందు నూతి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గొణుక్కుంటూనే కడుక్కుంటారు.