కీళ్ల నొప్పులున్నవాళ్లు బేరియాట్రిక్ సర్జరీకి ముందు తేల్చుకోవాల్సినవి

బరువు తగ్గే సర్జరీ గురించి కనుక్కోవడానికి వెళ్తే బరువు చూస్తారు, షుగర్ అడుగుతారు, బీపీ అడుగుతారు, రాత్రి గురక పెడతారా అని కూడా అడుగుతారు. మోకాళ్లు బాగా లాగేసిన రోజున మీరు ఏ మాత్ర వేసుకుని మంచం దిగుతున్నారో అడిగేవాళ్లు మాత్రం తక్కువ. కీళ్ల నొప్పులున్న మనిషికి అసలు సంగతంతా అక్కడే ఉంది. ఎందుకంటే ఈ సర్జరీ తర్వాత, ముఖ్యంగా గ్యాస్ట్రిక్ బైపాస్ (కడుపుని చిన్నది చేసి పేగుకి కలిపే రకం) అయితే, ఇన్నాళ్లూ మిమ్మల్ని నడిపించిన పెయిన్ కిల్లర్లలో చాలావాటిని ఇక వాడకూడదు. బరువు తగ్గడానికి నెలలు పడుతుంది, మాత్రలు మాత్రం ఆపరేషన్‌తోనే ఆగిపోతాయి. ఈ మధ్యకాలం ఎలా గడపాలో ముందే తేల్చుకోండి, మిగతా నిర్ణయం సగం తేలికవుతుంది.

ముందు నొప్పి ఏ రకమో తెలియాలి

"గుజ్జు అరిగింది, బరువు తగ్గండి" అని ఒక్క ముక్కలో పంపించేసే డాక్టర్లు ఉంటారు. ఆ మాట తప్పు కాదు గానీ, సగం మాటే. కీళ్ల అరుగుదల ఒకటి, రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటి కీళ్లవాతం ఇంకొకటి, యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే గౌట్ మరొకటి. ఒకే మనిషికి రెండు కలిసి ఉండటం కూడా వింతేమీ కాదు. పొద్దున లేచాక పట్టేసిన కీళ్లు అరగంటలోపు వదులై, నడిచేకొద్దీ సాయంత్రానికి నొప్పి పెరుగుతుంటే అది ఎక్కువగా అరుగుదలే. పట్టేయడం గంట దాటినా వదలకుండా, రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి వేడిగా ఉంటే మాత్రం రుమటాలజిస్ట్‌ని (కీళ్లవాతం డాక్టర్‌ని) కలిసేదాకా సర్జరీ మాట పక్కన పెట్టండి. అది రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు. బరువు తగ్గితే దానికి కొంత మేలు జరగొచ్చు, మందులు బాగా పనిచేయొచ్చు, కానీ సర్జరీ ఆ మందులకు బదులు కాదు.

అరుగుదల ఉన్నవాళ్లకి బరువు లెక్క నిజంగానే పెద్దది. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అయితే ఇదంతా కేవలం మోత బరువు వ్యవహారం కాదు. అలా అయితే లావుగా ఉన్నవాళ్లకి వేళ్ల కీళ్లలో కూడా అరుగుదల ఎక్కువగా ఎందుకు కనిపిస్తుంది? వేళ్ల మీద నడవం కదా. కొవ్వు కణజాలం ఊరికే కూర్చోదు, కీళ్లలో వాపు పెంచే రసాయనాలను రక్తంలోకి వదులుతూ ఉంటుంది. అందుకే బరువు ఇంకా పూర్తిగా దిగకముందే కొంతమందికి నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది.

ఆశ ఎంతవరకు పెట్టుకోవాలో కూడా ఇక్కడే చెప్పాలి. అరిగిన మృదులాస్థి తిరిగి రాదు. వంకర పోయిన మోకాలు సర్జరీతో నిటారు కాదు. నొప్పి తగ్గుతుంది, నడక పెరుగుతుంది, మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగే అవస్థ చాలామందికి తగ్గుతుంది. ఎక్స్‌రే మాత్రం అలాగే ఉంటుంది.

పెయిన్ కిల్లర్ల సంగతి

గ్యాస్ట్రిక్ బైపాస్‌లో కడుపు పైభాగంలో ఒక చిన్న సంచి లాంటిది మిగిల్చి, దానికి చిన్నపేగుని నేరుగా కలుపుతారు. ఆ కుట్టు దగ్గర పేగుకి యాసిడ్ తట్టుకునే అలవాటు లేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు అక్కడ ఉన్న కాస్త రక్షణని కూడా తీసేస్తాయి, దాంతో పుండు పడుతుంది. అది రక్తం కారేదాకా, ఒక్కోసారి చిల్లు పడేదాకా పోవచ్చు. పొగతాగే అలవాటు ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. మాత్ర వద్దు, అదే మందు ఇంజెక్షన్ చేయించుకుంటాను అంటే లాభం లేదు, ఎందుకంటే ఈ మందులు కడుపుని దెబ్బతీసేది అక్కడ తగలడం వల్ల మాత్రమే కాదు, రక్తంలో చేరి పొట్ట లోపలి పొరకి ఉండే రక్షణని తగ్గించడం వల్ల కూడా.

స్లీవ్ అనే ఇంకో రకం సర్జరీలో కడుపులో ముప్పాతిక వంతుకు పైగా తీసేసి సన్నటి గొట్టంలా మిగిలిస్తారు, పేగుతో కొత్త అతుకు ఉండదు. అందుకే ఈ మాత్రల విషయంలో స్లీవ్ వాళ్లకి కాస్త వెసులుబాటు ఉంటుంది, అదీ డాక్టర్ చెప్పినన్ని రోజులే, కడుపుకి రక్షణ మాత్రతో కలిపి. మరి కీళ్ల నొప్పులున్నవాళ్లందరూ స్లీవే చేయించుకోవాలా? అలా ఏం లేదు. గుండెల్లో మంట బాగా ఉన్నవాళ్లకి స్లీవ్ తర్వాత అది పెరిగే అవకాశం ఉంది, అలాంటివాళ్లకి సర్జన్ బైపాసే మంచిదనొచ్చు. కానీ మీ మోకాళ్ల చరిత్ర ఆ నిర్ణయంలో ఒక లెక్కగా ఉండాలి, అది సర్జన్ దాకా చేరేది మీరు చెబితేనే.

నా సలహా ఇది. సర్జరీ తేదీ ఖాయం చేసుకునే ముందే, మీ కీళ్ల డాక్టర్‌ని అడిగి, కొన్ని వారాల పాటు ఆ మాత్రలు లేకుండా గడిపి చూడండి. పారాసిటమాల్ డాక్టర్ చెప్పిన మోతాదులో, పూసుకునే జెల్, మోకాలికి సపోర్టు, ఫిజియోథెరపీ, అవసరమైతే కీలులోకి ఇంజెక్షన్, వీటితో ఎంతవరకు నెట్టుకురాగలరో తెలిసిపోతుంది. నెట్టుకురాలేకపోతున్నారంటే సర్జరీ వద్దని కాదు, నొప్పికి ఇంకా గట్టి ఏర్పాటు కావాలని అర్థం. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకుంటే షుగర్ ఉన్నవాళ్లకి కొన్ని రోజులు అది పెరుగుతుంది, సర్జరీకి దగ్గర్లో అయితే ఇద్దరు డాక్టర్లకీ చెప్పి తీసుకోండి. ట్రామడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు పని చేస్తాయి గానీ మలబద్ధకం, మత్తు, అలవాటు పడిపోవడం అన్నీ వెంట వస్తాయి, నెలల తరబడి వాటి మీద ఆధారపడే ప్లాన్ మాత్రం మంచి ప్లాన్ కాదు. గుండె కోసం తక్కువ మోతాదు ఆస్పిరిన్ వాడుతుంటే అది వేరే లెక్క, దాన్ని మీ అంతట మీరు ఆపకండి.

ఇంకో చిక్కు ఉంది. జలుబుకీ, పంటి నొప్పికీ, నడుము పట్టేసినా ఇచ్చే కాంబినేషన్ మాత్రల్లో ఈ మందులు పారాసిటమాల్‌తో కలిసి ఉండొచ్చు. స్ట్రిప్ ముందు వైపు పెద్ద అక్షరాల్లో బ్రాండ్ పేరు ఉంటుంది, వెనక వైపు వెండి రేకు మీద చిన్న అక్షరాల్లో అసలు మందులు ఉంటాయి. ఆ వెనక వైపు చదవడం ఇంట్లో ఇంకొకరికి కూడా నేర్పండి. పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినా, కాలు బెణికి అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వెళ్లినా, ముందుగా చెప్పాల్సిన మాట "నాకు కడుపుకి గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు పడవు" అని.

కీళ్లవాతం మందులు వాడుతుంటే

రుమటాలజిస్ట్, సర్జన్ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని అనుకోకండి. మాట్లాడుకుంటే మంచిదే, లేకపోతే వాళ్ల మధ్య ఉత్తరాలు మోసేది మీరే. మెథోట్రెక్సేట్ సాధారణంగా సర్జరీ సమయంలోనూ కొనసాగిస్తారు, బయోలాజికల్ ఇంజెక్షన్లు (రోగనిరోధక వ్యవస్థ దాడిని అణిచేవి) అయితే ఇన్ఫెక్షన్ భయంతో ఒక డోసు వదిలి ఆ ఖాళీలో ఆపరేషన్ పెడతారు. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలంగా వాడుతుంటే గాయం మానడం నెమ్మదిస్తుంది, కాబట్టి వీలైనంత తక్కువ మోతాదుకి ముందే దించుకోవాలి. దించడం డాక్టర్ పని, ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం. సర్జరీ తర్వాత మొదటి వారాల్లో పెద్ద మాత్రలు మింగడం కష్టం, పొడి చేసుకుంటే పోలా అనిపిస్తుంది, కానీ నెమ్మదిగా కరిగే రకం మాత్రల్ని పొడి చేయకూడదు, పైగా బైపాస్ తర్వాత అవి సరిగ్గా ఒంటికి పట్టకపోవచ్చు కూడా. ఏది మారుస్తారో, ఏది సిరప్‌గా ఇస్తారో ఆపరేషన్‌కి ముందే రాయించుకోండి.

రుమటాయిడ్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లు మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాల్సింది మెడ గురించి. ఈ జబ్బులో మెడ పైభాగంలోని ఎముకల మధ్య పట్టు సడలిపోవచ్చు, బయటికి ఏమీ తెలియకపోవచ్చు. మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేసేటప్పుడు మెడ వెనక్కి వంచుతారు కాబట్టి ముందే మెడ ఎక్స్‌రే తీయించమని అడగడంలో తప్పేమీ లేదు. దవడ కీలు పట్టేసి నోరు పూర్తిగా తెరుచుకోకపోతే అదీ చెప్పండి.

గౌట్ ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. బరువు తగ్గాక యూరిక్ యాసిడ్ తగ్గుతుంది, నిజమే, కానీ సర్జరీ అయిన మొదటి వారాల్లో బరువు వేగంగా పడిపోతున్నప్పుడు, నీళ్లు తక్కువ తాగుతున్నప్పుడు గౌట్ తిరగబెట్టడం మామూలే. అప్పుడు చాలామంది వాడే పాత మాత్ర కూడా ఆ పెయిన్ కిల్లర్ల జాతిదే. కాబట్టి అప్పుడేం వాడాలో ముందే అడిగి పెట్టుకోండి.

మీరు అర్హులేనా

చాలాకాలం 1991 నాటి లెక్కే నడిచింది, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 40 దాటాలి, లేదా 35 దాటి వేరే జబ్బులుండాలి. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు దాన్ని 35కి దించాయి, వేరే జబ్బు ఉన్నా లేకపోయినా. ఆసియా మూలాలున్నవాళ్లకి 27.5 నుంచే ఆలోచించొచ్చని అందులో ఉంది. బీమా కంపెనీలు మాత్రం ఇంకా పాత లెక్కే పట్టుకుని ఉండొచ్చు.

సర్జరీ ఒక్కటే దారి కూడా కాదు. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ మీద మోకాలి అరుగుదల ఉన్న 407 మందితో జరిగిన ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. 68 వారాల్లో సగటున 13.7 శాతం బరువు తగ్గింది, నొప్పి కూడా ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకంటే బాగా తగ్గింది. సర్జరీతో సాధారణంగా తగ్గేది మొత్తం బరువులో 25 నుంచి 30 శాతం దాకా, కాబట్టి రెండూ ఒకటి కాదు. అయినా సర్జరీకి మనసు ఒప్పుకోనివాళ్లు ఈ మాట అడగొచ్చు.

ఆపరేషన్‌కి ముందు కాళ్లకి, చేతులకి

కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా లేవగలుగుతున్నారా? లేవలేకపోతే తొడ కండరాలు బలహీనంగా ఉన్నట్టే, సర్జరీ తర్వాత అవి ఇంకా తగ్గుతాయి, ఎందుకంటే వేగంగా బరువు పోయేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. మోకాలిని కాపాడేది ఆ తొడ కండరమే. కాబట్టి ఫిజియోథెరపిస్ట్ దగ్గర ముందే మొదలుపెట్టండి. కూర్చుని కాలు నిటారుగా చాపి కాసేపు పట్టి ఉంచడం, పడుకుని కాలు ఎత్తడం, నొప్పి ఒప్పుకుంటే నీళ్లలో నడవడం. సర్జరీ రోజునో మర్నాడో లేచి నడవమంటారు, రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి అది చాలా ముఖ్యం. మోకాళ్లు మొండికేస్తాయని తెలుసు కాబట్టి వాకర్ సిద్ధంగా పెట్టమని వార్డులో ముందే చెప్పండి.

చేతి వేళ్లలో ఆర్థరైటిస్ ఉంటే ఇంకో చిన్న విషయం. రక్తం పలచబడే ఇంజెక్షన్లు కొన్ని రోజులు ఇంటి దగ్గర పొట్ట మీద చేసుకోమని పంపించొచ్చు. రెండు వేళ్లతో చర్మం పట్టుకుని, బొటనవేలితో నెమ్మదిగా చివరిదాకా నొక్కాలి, వాచిన బొటనవేలితో అది కుదరదు. ఎవరు చేస్తారో ముందే అనుకోండి. గుండ్రటి మూత నొక్కి తిప్పాల్సిన మందు సీసాలు కూడా అంతే, తేలిగ్గా తెరుచుకునే మూత అడిగితే ఇస్తారు. టాయిలెట్ సీటు ఎత్తు పెంచే అటాచ్‌మెంట్, పక్కన పట్టుకోవడానికి ఒక రాడ్ బిగించుకోండి. పొట్ట మీద కుట్లు ఉన్నప్పుడు చేతుల బలంతో పైకి లేవడం నొప్పి అని అప్పుడు గానీ తెలియదు.

తర్వాత ఎముకల లెక్క

కీళ్లు బాగుపడుతున్నాయన్న ఆనందంలో ఎముకల్ని మర్చిపోతారు. బైపాస్ తర్వాత కాల్షియం సరిగ్గా ఒంటికి పట్టదు, ఎముక సాంద్రత తగ్గుతుంది, విరిగే ముప్పు పెరుగుతుంది. ఇప్పటికే స్టెరాయిడ్లు వాడినవాళ్లకి ఇది రెండు వైపులా దెబ్బ. రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం, మాత్రగా అయితే సిట్రేట్ రకం బాగా పడుతుంది, ఒకేసారి కాకుండా విడతలుగా, ఐరన్ మాత్రకి రెండు గంటల దూరంలో వేసుకోవాలి. విటమిన్ డి, బీ12 రక్త పరీక్షలు జీవితాంతం. ప్రొటీన్ రోజుకి కనీసం 60 గ్రాములు. ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ సర్జరీకి ముందు ఒకసారి తీయించుకుంటే తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

కీళ్లవాతానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర వాడుతున్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. దాని మోతాదు బరువుని బట్టి, కిలోకి రోజుకి 5 మిల్లీగ్రాములు మించకూడదు, మించితే కంటికి ముప్పు. మీరు ముప్పై కిలోలు తగ్గి పాత మోతాదే వాడుతుంటే అది ఇప్పుడు ఎక్కువ అవుతుంది.

మోకాలి మార్పిడి ముందా, బరువు సర్జరీ ముందా

దీనికి ఒక్క జవాబు లేదు. చాలామంది ఎముకల సర్జన్లు బీఎంఐ 40 దాటితే మోకాలి మార్పిడికి వెనకాడతారు. 2022లో ఆస్ట్రేలియాలో 82 మంది మీద వచ్చిన ట్రయల్‌లో, ముందు గ్యాస్ట్రిక్ బ్యాండ్ సర్జరీ (కడుపు పైభాగానికి పట్టీ బిగించే రకం) చేయించుకున్నవాళ్లలో కాంప్లికేషన్లు తక్కువగా కనిపించాయి, వాళ్లలో సుమారు 29 శాతం మంది నొప్పి తగ్గి మోకాలి ఆపరేషనే వద్దనుకున్నారు. మరోవైపు, 2023లో అమెరికా రుమటాలజీ, కీళ్లమార్పిడి సర్జన్ల సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు, కేవలం బరువు ఒక అంకెకి దిగాలన్న కారణంతో మార్పిడిని వాయిదా వేయొద్దని చెప్పాయి. రాత్రి నిద్ర కూడా పట్టనివ్వని నొప్పితో, అడుగు తీసి అడుగు వేయలేని మనిషిని ఏడాదిన్నర ఆగమనడం నాకైతే న్యాయంగా అనిపించదు. కాస్త నడవగలుగుతున్నవాళ్లు మాత్రం బరువు సంగతి ముందు చూసుకుంటే మోకాలి ఆపరేషన్ అవసరమే రాకపోవచ్చు. ముందు బరువు సర్జరీ చేయించుకుంటే, మోకాలికి వెళ్లేటప్పటికి బరువు ఒక దగ్గర నిలబడి ఉండాలి, హిమోగ్లోబిన్, ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్), విటమిన్ డి చూపించుకోవాలి, ఎందుకంటే ఒంట్లో ప్రొటీన్ తక్కువగా ఉన్నప్పుడు మోకాలి గాయం సరిగ్గా మానదు.