పెయింట్ పోకుండా కారు సొట్ట తీయడం ఎలా?

విశాఖలో కారుకి సొట్ట పడాలంటే యాక్సిడెంటే అవ్వక్కర్లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పక్క కారు డోర్ తగిలినా, బీచ్ రోడ్డులో ఎవరి బండి హ్యాండిలో ఆనుకున్నా చాలు. వెంటనే గాజువాక ఆటోనగర్‌కి పరుగెడితే టింకరింగ్, పుట్టీ, పెయింటింగ్ అంటూ డోర్ మొత్తానికి రంగు వేయించుకుని రావాల్సి వస్తుంది. కంపెనీ పెయింట్ చెక్కుచెదరని చిన్న సొట్టకి అంత హంగామా అనవసరం.

ముందు సొట్ట మీద గోరుతో మెల్లగా గీయండి. గోరు ఎక్కడా పట్టకపోతే పెయింట్ బాగున్నట్టే. పట్టిందంటే పగిలినట్టు. ఆ పగులులోంచి ఉప్పు గాలి లోపలికి పోయి తుప్పు మొదలెడుతుంది కాబట్టి, పెయింట్ పనే చేయించండి. తర్వాత ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తెచ్చి పెట్టండి. మిగతా డోర్‌కి గట్టిగా అంటుకుని సొట్ట దగ్గర జారిపోతుంటే, అక్కడ ఎవరో ఇంతకుముందే పుట్టీ పెట్టారన్నమాట. గ్లూ అంటించి సొట్టని బయటికి లాగితే పెయింట్ ఊడొస్తుంది, ముట్టుకోకండి. డోర్ అంచున, లేదా బాడీ లైన్ (కారు పక్కన పొడవునా రేకులో ఉండే గీత) మీద పదునుగా పడిన మడత జోలికి కూడా మనం వెళ్లకూడదు.

ప్లాస్టిక్ బంపర్ అయితే సులువు. వేడినీళ్లు పోసి, మెత్తబడ్డాక చేతికి గ్లవ్స్ వేసుకుని వెనక నుంచి నొక్కితే చాలాసార్లు వచ్చేస్తుంది.

రేకుకి మాత్రం గ్లూ పుల్లర్ కిట్ కావాలి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాంతోపాటు గ్లూ గన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంచుకోండి. మే నెల మధ్యాహ్నం ఎండలో మొదలెట్టకండి. రేకు కాలిపోతుంటే గ్లూ గట్టిపడదు. పొద్దున్నే, నీడలో చేయండి. ముందు ఇసుక, ఉప్పు పోయేలా నీళ్లతో కడిగి, ఆరాక ఆల్కహాల్‌తో తుడవండి.

ఇప్పుడు కారు పక్కన ట్యూబ్‌లైట్ వెలిగించి, డోర్‌లో దాని ప్రతిబింబం చూడండి. తిన్నగా ఉండాల్సిన తెల్లగీత సొట్ట దగ్గర వంకర పోతుంది. ఆ గీతే మీ కొలబద్ద. చేత్తో తడిమితే అంత పక్కాగా తెలియదు.

కిట్‌లో ఉండే ట్యాబ్‌కి (సొట్టకి అంటించి లాగే చిన్న ప్లాస్టిక్ బిళ్ల) గ్లూ రాసి, సొట్ట నడిమధ్యలో అంటించి, గ్లూ చల్లారేదాకా ఆగండి. పుల్లర్ తగిలించి నిదానంగా బిగించండి. ఒక్కసారిగా గుంజితే పెద్ద సొట్ట పోయి మొటిమ లేస్తుంది. ట్యాబ్ టక్‌మని ఊడాక, మిగిలిన గ్లూ అంచున ఆల్కహాల్ చుక్కలు వేస్తే పొరలా లేచి వస్తుంది. కత్తితో గీకారో, అసలు పెయింటే పోతుంది.

మళ్లీ గీత చూడండి. ఎక్కడో కాస్త ఉబ్బి కనిపిస్తుంది. దాని మీద నైలాన్ పంచ్ (మొద్దు మొన ఉన్న ప్లాస్టిక్ కడ్డీ) పెట్టి చిన్న సుత్తితో తేలిగ్గా తట్టండి. లాగడం, చూడటం, తట్టడం, మళ్లీ చూడటం. ఓపికంతా ఇక్కడే కావాలి, లాగడంలో కాదు. గీత దాదాపు తిన్నగా వచ్చాక ఆపేయండి. ఇంకా ఏదో కావాలని గెలికితే రేకు సాగిపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ఐస్ పెడితే సొట్ట దానంతటదే లేస్తుందని చూపించే వీడియోలున్నాయి కదా, వాటిని నమ్ముకుంటే టైమ్ దండగ.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసే ముందు కూడా లెక్క చూసుకోండి. క్లెయిమ్ లేకుండా ఉంటే నో క్లెయిమ్ బోనస్ మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై 5 ఏళ్లకి 50 శాతం దాకా వెళ్తుంది. చిన్న సొట్ట కోసం క్లెయిమ్ చేస్తే అది పోతుంది.

మీవల్ల కాక, పెయింట్ లేకుండా సొట్టలు తీసేవాళ్ల దగ్గరికి వెళ్లారనుకోండి. సొట్టని లోపలి నుంచి నెట్టే రాడ్ ఎక్కడి నుంచి పెడతారో ముందే అడగండి. అద్దం సందులోంచో, డోర్ లోపలి ప్యాడ్ విప్పో అంటే సరే. రేకుకి రంధ్రం వేస్తామంటే మాత్రం వద్దని చెప్పి కారు వెనక్కి తెచ్చేసుకోండి.