సరిహద్దు జిల్లాల యువతకు ఆప్టీషియన్ వృత్తి శిక్షణ

పర్లాకిమిడి, బరంపురం, రాయగడ ప్రాంతాల తెలుగు యువతీయువకులు ఆప్టీషియన్ వృత్తిని ఎంచుకునే ముందు, ఇది కంటి జబ్బులను నిర్ణయించే పని కాదనీ, వైద్యులు రాసిన చీటీని ధరించేవారి ముఖానికి సరిపడే కళ్ళజోడుగా మలచే పని అనీ గ్రహించాలి. శిక్షణ సంస్థలో కటకం పవరును కొలిచే లెన్సోమీటరుపై రోజూ సాధన చేయిస్తారా అని తప్పక అడగండి. ధ్రువపత్రం కన్నా అదే ముఖ్యమని నా అభిప్రాయం. చీటీలోని స్ఫియర్ (కటకం ప్రధాన పవరు), సిలిండర్ (ఆస్టిగ్మాటిజాన్ని, అంటే కంటి వంపులోని అసమానతను సరిచేసే పవరు), యాక్సిస్ (ఆ సిలిండర్‌ను అమర్చే కోణం) చదవడం త్వరగానే అలవడుతుంది. కంటిపాపల మధ్య దూరం కొలవడానికే ఎక్కువ కాలం వెచ్చించాలి, ఎందుకంటే 4 డయాప్టర్ల (పవరుకు కొలమానం) కటకం కేంద్రం 5 మిల్లీమీటర్లు పక్కకు తప్పితే 2 ప్రిజం డయాప్టర్ల మేర ప్రిజం ప్రభావం (కాంతి పక్కకు వంగడం) ఏర్పడి, తలనొప్పికి దారితీయవచ్చు. పైభాగం దూరపు చూపుకు, కిందిభాగం దగ్గరి చూపుకు పనికొచ్చే ప్రోగ్రెసివ్ అద్దాలకైతే ముందు ఫ్రేమును ముఖానికి సరిచేసి, ఆ తరువాతే ఒక్కో కంటికి విడిగా, ఎత్తుతో సహా కొలవాలి. కొత్త జోడుతో మెట్లు ఎలా దిగాలో తెలుగు, ఒడియా, వీలైతే సవర భాషల్లో వివరించడం కూడా అభ్యసించండి.