విండోస్ పక్కన ఉబుంటు: ఎక్కడ ఆగిందో చూసి సరిచేసుకోండి

బీటెక్ మొదలయ్యాక ఒంగోలు, కావలి, నెల్లూరు కాలేజీల్లో చాలామంది పిల్లలు ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) కూడా పెట్టుకుంటారు. కొన్నాళ్లకే "అన్నా, విండోస్ పోయింది" అని ఫోన్ వస్తుంది. చాలాసార్లు అది ఎక్కడికీ పోయుండదు. డిస్కులో ఉన్నచోటే ఉంటుంది, లోపలికి వెళ్లే దారి మాత్రమే మారుంటుంది. కాబట్టి షాపులో "ఫార్మాట్ కొట్టేద్దాం" అంటే వెంటనే తలూపకండి. ముందు స్క్రీన్ మీద ఏముందో చదవండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కే కనబడటం లేదు

పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు బాగానే లేస్తుంది. డిస్కు ఎంచుకునే దగ్గరికొస్తే జాబితాలో ఆ పెన్‌డ్రైవ్ తప్ప ఇంకేమీ ఉండదు. ఎస్‌ఎస్‌డీ పాడైందని కంగారుపడొద్దు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న చాలా ల్యాప్‌టాపుల్లో స్టోరేజ్‌ని ఆర్‌ఎస్‌టీ అనే ఇంటెల్ సొంత మోడ్‌లో పెట్టి అమ్ముతారు. కొన్నిటిలో అదే వీఎండీ అనే పేరుతో ఉంటుంది. బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఎఫ్2 లాంటి కీ నొక్కితే వచ్చే సెట్టింగుల తెర) దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మారిస్తే డిస్కు కనిపిస్తుంది.

అయితే ఉన్నపళంగా మార్చేస్తే విండోస్ లేవదు, నీలి తెర పడుతుంది. ముందు విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్‌కి టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. అది లేచేలోపే బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చండి. విండోస్ ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి. బయోస్‌లో చెయ్యి పెట్టేముందు కింది సంగతి కూడా చదవండి.

నీలి తెర మీద 48 అంకెల కీ అడుగుతోంది

అందరికీ టెన్షన్ తెప్పించేది ఇదే. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, చాలా కొత్త విండోస్ 11 ల్యాప్‌టాపుల్లో మనకు తెలియకుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్ అవుతుంది. దీని పేరు బిట్‌లాకర్, హోమ్ ఎడిషన్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు. తర్వాత మనం బయోస్‌లో సెక్యూర్ బూట్‌నో (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే సెట్టింగ్) స్టోరేజ్ మోడ్‌నో మారిస్తే, ఎవరో డిస్కు తెరవబోతున్నారని అనుమానించి రికవరీ కీ అడుగుతుంది.

ఊహించి కొట్టడం వల్ల లాభం లేదు. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి, డివైసెస్‌లో మీ ల్యాప్‌టాప్ కింద కీ ఉందేమో చూడండి. తెర మీద ఉన్న కీ ఐడీతో అక్కడి ఐడీ కలవాలి. అక్కడ లేకపోతే, ల్యాప్‌టాప్ కొన్న రోజు దాన్ని సెటప్ చేసింది ఎవరో గుర్తు తెచ్చుకోండి. షాపు కుర్రాడు తన మెయిల్ ఐడీతోనో, మీ బాబాయి మెయిల్‌తోనో చేసుంటే కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది. ఎక్కడా దొరక్కపోతే ఆ డేటా తిరిగి రాదు. అందుకే ఉబుంటు జోలికి వెళ్లేముందే సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆపేసి, డీక్రిప్ట్ పూర్తయ్యేదాకా ఆగండి.

200 జీబీ ఖాళీ ఉన్నా 10 జీబీయే ఇస్తానంటోంది

ఉబుంటుకి చోటు కోసం విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని ష్రింక్ (చిన్నది) చేసేటప్పుడు వచ్చే తంటా ఇది. హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, రీస్టోర్ పాయింట్లు డ్రైవ్ మధ్యలో ఉంటే విండోస్ వాటిని జరపలేదు. ఆ మూడింటినీ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ష్రింక్ చేయండి. బ్యాటరీ దెబ్బతిన్న పాత ల్యాప్‌టాప్ అయితే, నవంబరులో తుపాను పట్టి కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజున మాత్రం ఈ పని పెట్టుకోకండి. పార్టిషన్ సగంలో ఉండగా కరెంటు పోతే ఫైళ్లు నిజంగానే పోతాయి.

ఉబుంటు పెట్టాం, కానీ నేరుగా విండోసే లేస్తోంది

బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్ పైకి చేరుంటుంది, కొన్నిసార్లు విండోస్ అప్‌డేట్ తర్వాత ఇలా అవుతుంది. బయోస్‌లోకి వెళ్లి ఉబుంటును పైకి జరపండి. డెల్, ఏసర్, ఆసుస్‌లలో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కితే సాధారణంగా బయోస్ వస్తుంది.

అప్‌డేట్ తర్వాత ఎస్‌బ్యాట్ అని ఎర్రర్ చూపి ఆగిపోతోంది

2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్, సెక్యూర్ బూట్ తనిఖీ అయిన ఎస్‌బ్యాట్ ద్వారా పాత లినక్స్ బూట్ లోడర్లను (సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రాములను) అడ్డుకుంది. అప్పటి పెన్‌డ్రైవ్‌నే ఇంకా వాడుతుంటే ఇప్పుడూ ఇది ఎదురు కావచ్చు. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి (రికవరీ కీ దగ్గర పెట్టుకునే!) ఉబుంటులోకి వెళ్లి పూర్తిగా అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చేయండి. ఇన్‌స్టాల్ దగ్గరే ఆగితే కొత్త ఐఎస్‌ఓ (ఉబుంటు ఇన్‌స్టాల్ ఫైలు) దించుకుని పెన్‌డ్రైవ్ మళ్లీ తయారుచేసుకోండి.

ఉబుంటులో డీ డ్రైవ్ తెరుచుకుంటుంది, సేవ్ మాత్రం కాదు

దీనికి కారణం ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే విండోస్‌లో షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. విచిత్రంగా రీస్టార్ట్ కొడితేనే పూర్తిగా ఆగుతుంది. అలా సగంలో ఉన్న డ్రైవ్‌లో రాయడానికి ఉబుంటు ఒప్పుకోదు, అది మన మంచికే. నెట్‌లో చూసి బలవంతంగా మౌంట్ చేసే కమాండ్లు కొట్టకండి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ల సెట్టింగ్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. పెద్ద అప్‌డేట్ తర్వాత అది మళ్లీ ఆన్ అయిందేమో చూసుకోండి.

గడియారం అయిదున్నర గంటలు వెనక

ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే ఇలా కనిపిస్తుంది. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. ఉబుంటు టెర్మినల్‌లో "timedatectl set-local-rtc 1" అని కొడితే తీరిపోతుంది.

ఉబుంటు తీసేస్తే నల్ల తెర మీద గ్రబ్ అని ఆగిపోయింది

విండోస్ నుంచి ఉబుంటు పార్టిషన్ చెరిపేసినా దాని బూట్ లోడర్ గ్రబ్, ఈఎఫ్‌ఐ అనే చిన్న పార్టిషన్‌లో మిగిలే ఉంటుంది. బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెస్తే చాలు. మిగిలిన ఆ చిన్న ఫోల్డర్ వల్ల నష్టమేమీ లేదు, వదిలేయండి. దాన్ని తీసేద్దామని 100 ఎంబీయో 260 ఎంబీయో ఉండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌నే చెరిపేయకండి, విండోస్ లేచేదీ దాని నుంచే.