పిల్లల్ని అంగన్‌వాడీలో వేసే ముందు ఇవి చూసుకోండి

ముందు టైమింగ్స్ అడగండి. మామూలు అంగన్‌వాడీ మీరు పని నుంచి వచ్చేదాకా ఉండకపోవచ్చు, కాబట్టి ఇద్దరూ పనికి వెళ్లే ఇంట్లో అది మూసేశాక బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందో ముందే తేల్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద కొన్ని చోట్ల అంగన్‌వాడీతో పాటే క్రెష్ (పగటిపూట పిల్లల్ని చూసుకునే చోటు) కూడా నడుస్తోంది, 6 నెలల నుంచి 6 ఏళ్ల పిల్లల్ని చూసుకుంటారు, మీ దగ్గర ఉందేమో సూపర్‌వైజర్‌ని అడగండి.

ఆటపాటలతో చదువు 3 ఏళ్లు నిండాకే. అంతకంటే చిన్నవాళ్లకు, 6 నెలలు దాటాక, ఇంటికే సరుకు ఇస్తారు, తెలంగాణలో అయితే బాలామృతం అనే పోషకాహార పొడి ప్యాకెట్.

బిడ్డ ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, టీకాల కార్డు, మీ ఫోన్ దగ్గర పెట్టుకోండి, పిల్లల వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో టీచర్ ఎక్కించాలి కదా.

ఇక అసలు సంగతి, చేర్పించే ముందు ఒకసారి భోజనం వేళకి వెళ్లి స్వయంగా చూడండి. తాగే నీళ్ల బిందె మీద మూత ఉందా, పొయ్యి పిల్లలు కూర్చునే చోటికి దూరంగా ఉందా, బాత్రూం తలుపు లోపలి గడియ చిన్నపిల్లలు వేసుకుని ఇరుక్కుపోయేలా ఉందా, గేటు రోడ్డు మీదకే తెరుచుకుంటుందా? గుడ్డు పడకపోయినా, ఫిట్స్ లాంటివి ఉన్నా టీచర్‌తో పాటు ఆయమ్మకి కూడా చెప్పండి, తినిపించేది చాలాసార్లు ఆవిడే.

బిడ్డని తీసుకెళ్లడానికి ఎవరెవరు వస్తారో పేర్లు రాసివ్వండి. నెలనెలా బరువు తూచినప్పుడు అంకె అడిగి తెలుసుకోండి, పెరగకపోతే ఆ వారమే డాక్టర్‌కి చూపించండి. చేర్పించడానికి ఫీజు లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకండి.